ఈ ఏడాది బొగ్గులు మంచివి కావు

మే 4, 1996. శనివారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పుస్తకం తెరిచి, మూసి, కాఫీ తాగి, మళ్లీ తెరిచాను. అరవై తొమ్మిదేళ్లు వచ్చాక డైరీ మొదలెట్టడమంటే పెళ్లయిపోయాక పందిరి వేసినట్టు. కానీ పొద్దున లొరెట్టా, "నీ బొగ్గుల గోల వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి నార్బ్. మిగిలిందేదో కాగితానికి చెప్పుకో" అని, ఇన్సూరెన్సు వాళ్లు పంచిపెట్టిన ఈ నోటుపుస్తకం నా ముందు పడేసింది. పెళ్లాం వినని మాట కాగితం వింటుందేమో చూద్దాం.

సంగతేమిటంటే, ఇవాళ ఈ ఏడాదికి మొదటిసారి పెరట్లో నిప్పు రాజేశాను. నా పీపా మీద ఆరు పోర్క్ స్టీకులు కాల్చాను. 1959లో నేనే నిలువునా కోసి, బందులు బిగించి, కాళ్లు అతికించిన నూనె పీపా అది. కమ్మీలు కూడా నేనే వేశాను, వేలు లావువి. దాని మీద కాలిన స్టీకుని సాసులో, సగం సీసా బీరు పోసి, మూతపెట్టి మగ్గబెట్టాలి. మా సెయింట్ లూయిస్ దక్షిణపు పేటల్లో ఏ ఇంట్లో అడిగినా ఇంతే చెబుతారు. ముప్ఫై ఏడేళ్లుగా నేను చేస్తున్నదీ ఇంతే.

నోట్లో పెట్టుకుంటే అట్టముక్క. తడిపిన అట్టముక్క.

బొగ్గులు మంచివి కావు. ఇదివరకు బొగ్గుబిళ్ల విరిస్తే లోపల కర్ర జాడ కనపడేది. ఇప్పుడు ఏం పొట్టు కలుపుతున్నారో, ఏం జిగురు పోస్తున్నారో.

"ఎలా ఉంది?" అని లొరెట్టాని అడిగాను.

"ఎప్పట్లానే ఉంది."

"దీన్ని పట్టుకుని ఎప్పట్లా ఉందంటావా?"

"నీ జలుబు తగ్గిందా?" అంది.

ఫిబ్రవరిలో పట్టిన జలుబు. తగ్గింది. దాదాపు తగ్గింది. బొగ్గులకీ జలుబుకీ ఏం సంబంధమో ఆవిడకే తెలియాలి.

మే 5

సాసు మళ్లీ చూశాను. వెనిగర్ కూడా మంచిది కాదు.

మే 18, శనివారం

బొగ్గు సంచి మార్చాను. ఇది మూడో రకం. అయినా అంతే.

కంచెకి అవతల కొవారిక్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఉన్నాడు, కదులుతాడన్న ఆశ లేదు. మంగలి దుకాణం మూసేశాడు గానీ నోరు మూయలేదు. కిందటేడు గ్యాస్ గ్రిల్ కొన్నాడు. అప్పట్నించీ మొక్కు తీరినవాడిలా వచ్చేపోయేవాళ్లందరికీ దాని మహిమ చెబుతున్నాడు.

"ఏమోయ్ నార్బర్ట్, ఇంకా ఊదుతూనే ఉన్నావా? నేను కాల్చుకుని, తిని, ఓ కునుకు కూడా తీసొచ్చాను."

"నువ్వు తిన్నది మాంసం కాదు, ఉడకేసిన చెప్పు."

"చెప్పయితేనేం, మెత్తగా ఉంది. నీ దాని మొహం చూడు, మసి పూసుకుని పుట్టింది."

"ఆ మసిలోనేరా ఉంది రుచంతా."

"అవునా? ఎలా ఉంటుందేం ఆ రుచి? కాస్త చెప్పు, వింటాను."

లోపల పనుంది, వచ్చేశాను. ఆడలేనివాడికి మద్దెల ఓడు. బొగ్గు రాజేయడం చేతకానివాళ్లే గ్యాస్ కొనుక్కుంటారు.

నాకు గ్యాస్ గురించి పాఠాలు చెబుతాడు, వాడు! ముప్ఫై నాలుగేళ్లు గ్యాస్ కంపెనీలో లీకులు పట్టినవాణ్ణి. గ్యాస్‌కి సొంత వాసన ఉండదు. జనం చావకుండా కంపెనీయే అందులో కుళ్లిన గుడ్ల కంపు కలుపుతుంది. ఆ కంపు ఎక్కణ్ణించి వస్తోందో పట్టడమే నా ఉద్యోగం. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంజనీర్లు మీటర్లు పట్టుకొచ్చేవాళ్లు, నేను నా ముక్కు తెచ్చుకునేవాణ్ణి. 1962లో అనుకుంటాను, చెరోకీ వీధిలో ఒకావిడ గ్యాస్ కంపు కొడుతోందని మూడుసార్లు ఫోను చేసింది. మీటర్లవాళ్లు రెండుసార్లు వచ్చి ఏమీ లేదని వెళ్లిపోయారు. నేను వెళ్లి, ఎవరింటికెళ్లినా మొదట అడిగే మాటే అడిగాను: "వాసన ఎవరికొచ్చింది?" "నాకే," అంది ఆవిడ. ఇంట్లో ఏమీ లేదు. వీధి వెంట వాసన చూసుకుంటూ పదకొండు ఇళ్లు దాటాను. అక్కడొక రొట్టెల కొట్టు. పొయ్యిలోంచి రై రొట్టె వాసన వీధంతా కమ్ముకుని ఉంది. ఆ రొట్టె వాసన కిందనుంచి, గుమ్మం ముందు రాతిపలక కిందనుంచి, సన్నగా, దారప్పోగంత కంపు. తవ్వితే గొట్టం తుప్పు పట్టి జల్లెడైపోయి ఉంది. ఆ రొట్టెలాయన బతికున్నన్నాళ్లూ క్రిస్మస్‌కి నాకు రొట్టె పంపేవాడు.

కొత్తగా పనిలో చేరినవాళ్లు గొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు పూసి, బుడగ వస్తుందేమోనని గుడ్లప్పగించి చూసేవాళ్లు. "సబ్బునీళ్లు ముక్కు లేనివాళ్లకిరా" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు.

ఏం రాయబోయి ఎక్కడికొచ్చాను? ఆఁ, బొగ్గులు. పగలంతా గ్యాస్‌తో వేగినవాడు ఇంటికొచ్చి మళ్లీ దాని మొహమే చూడాలా? వంటింట్లో పొయ్యి ఉంది, చాలదూ? పెరట్లో మాత్రం బొగ్గే. నేను బతికుండగా అంతే.

మే 27, సోమవారం. మెమోరియల్ డే

అమ్మాయి జనీన్, అల్లుడు డారెల్ వచ్చారు. సాసు ఎంత కలిపినా రావలసిన రుచి రాలేదు. ఇంకాస్త వెనిగర్, ఇంకాస్త మిరియం, మళ్లీ ఇంకాస్త వెనిగర్. పులుపు తెలుస్తోంది, ఉప్పు తెలుస్తోంది. ఆ రెంటి మధ్యా ఉండాల్సిందే లేదు.

డారెల్ ఒక ముక్క తిని మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు మామా. భలే... చురుగ్గా ఉంది."

వాడు కాన్సస్ సిటీవాడు. వాళ్లకి సాసంటే తేనెపాకం. పొరపాటు వాళ్ల పెంపకంలో ఉంది.

లొరెట్టా సాసు గిన్నె లోపలికి తీసుకెళ్లింది. కాసేపటికి తెచ్చింది. ఆ తర్వాత అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. వేడి చేసి తెచ్చిందనుకుంటాను.

జూన్ 16, ఆదివారం. ఫాదర్స్ డే

చెప్పుకుంటే సిగ్గు. అల్లుడు ట్రక్కు వెనకనుంచి శవపేటికంత అట్టపెట్టె దించాడు. దాని మీద బొమ్మ: ఎవడో ఏప్రన్ కట్టుకుని పళ్లికిలిస్తున్నాడు. గ్యాస్ గ్రిల్. నాకు! నా పెరట్లోకి!

"సిలిండర్ కూడా తెచ్చాను మామా, నిండుది. బటన్ నొక్కితే చాలు. ఈ వయసులో మీకు ఆ పొగా, బూడిదా ఎందుకని."

"ఏ వయసులో?"

"అంటే... ఇప్పుడు ఉన్న వయసులో."

"డారెల్, ముప్ఫై నాలుగేళ్లు నేనేం ఉద్యోగం చేశానో నీకెవరైనా చెప్పారా?"

"అందుకే కదా కొన్నాం! గ్యాస్ సంగతి మీకంటే ఎవరికి తెలుసు?"

జనీన్ నవ్వుతోంది. కంచె మీంచి కొవారిక్ చప్పట్లు కొట్టాడు. నేను లొరెట్టా వైపు చూశాను, కాస్త సాయానికి వస్తుందని. ఆవిడ నవ్వడం లేదు. పెట్టె వైపు కూడా కాదు, నా వైపే చూస్తోంది.

"గ్యాస్ వద్దులే డారెల్," అంది.

నా తరఫున మాట్లాడింది గనక ఊరుకున్నాను. కానీ ఎందుకు వద్దంటోందో అడగలేదు.

జూన్ 17

పెట్టె గరాజులో ఉంది. ఉండనీ.

జూన్ 22, శనివారం

డారెల్ వచ్చి పెట్టె విప్పాడు. ఇద్దరం కలిసి బిగించాం. వాడు చేత్తో కంటే పుస్తకంతో ఎక్కువ పని చేస్తాడు. చివర్లో మూడు స్క్రూలు, ఒక రబ్బరు వాషరు మిగిలాయి. ఎప్పుడూ కొన్ని ఎక్కువే ఇస్తారు. నా మేకుల డబ్బాలో వేశాను.

"సిలిండర్ తగిలించాక అతుకులకి సబ్బునీళ్లు పూసి చూడమని రాసుంది మామా," అన్నాడు.

ఆ మాట నాకే చెప్పాడు. ముక్కు చూపించాను, అంతే. వాడికి అర్థమై నవ్వాడు. సిలిండర్ తగిలించకుండానే మీద గుడ్డ కప్పి మూల నిలబెట్టాం.

జూలై 4, గురువారం

గెలిచాను.

వివరంగా రాస్తాను, రేపు కొవారిక్ కథ మార్చి చెబుతాడు. వారంగా ఒకటే పోరు: "కళ్లకి గంత కట్టుకుని తిని చెప్పు చూద్దాం, ఏది బొగ్గుదో ఏది గ్యాసుదో. చెప్పలేకపోతే ఆ పీపా తీసి చెత్తలో పారెయ్యాలి. సరేనా?" ఇవాళ మధ్యాహ్నం, ఇరుగూ పొరుగూ పదిహేనుమంది పెరట్లో ఉండగా, అందరి ముందూ అడిగాడు. ఎలా కాదంటాను? నా పీపా మీద ఒక స్టీకు, వాడి గ్రిల్ మీద ఒక స్టీకు. రెండూ సాసు లేకుండా. జనీన్ నా కళ్లకి తువ్వాలు కట్టింది. ఎవరో డోలు వాయిస్తున్నట్టు బల్ల మీద వేళ్లతో కొట్టారు.

మొదటి ముక్క నోట్లో పెట్టారు. అట్ట.

రెండో ముక్క. అట్ట.

మనిషికి చెమట పట్టే సందర్భాలు నా జీవితంలో చాలానే వచ్చాయి. భూమిలోపల గొయ్యిలో, నెత్తిమీద ట్రామ్ వెళుతుంటే, చేతిలో చిల్లుపడ్డ గొట్టం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడింత చెమట పట్టలేదు.

"తొందర పడకు," అన్నాడు కొవారిక్. "పీపా ఎక్కడికీ పోదు. ఇప్పుడప్పుడే."

మళ్లీ ముక్క ఇమ్మన్నాను. ఈసారి నమల్లేదు. నాలుకతో తడిమాను. వాడి గ్రిల్‌ది సన్నతీగ, గీతలు దగ్గరదగ్గరగా పడతాయి. నా కమ్మీలు వేలు లావు. వాటి గాడి మీద నాలుక ఆనితే నాగలి చాలులా తెలుస్తుంది.

"ఇది నాది. అది ఉడకేసిన చెప్పు," అన్నాను.

పెరడంతా గోల. డారెల్ నన్ను ఎత్తబోయాడు, నడుము పట్టేసి ఆగిపోయాడు. కొవారిక్ టోపీ తీసి వంగి దండం పెట్టాడు. "ఒప్పుకున్నానయ్యా, అది ముక్కు కాదు, మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువు."

తువ్వాలు విప్పుకున్నాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. లొరెట్టా కొట్టలేదు. చేతిలో బంగాళాదుంపల సలాడ్ గిన్నె ఉంది, అందుకే అయ్యుంటుంది.

జూలై 5

గెలిచాను కదా.

జూలై 20, శనివారం

అయిదో రకం బొగ్గు. కర్రబొగ్గు, దూరం వెళ్లి తెచ్చాను. ఏమీ లేదు. బీరు కూడా నీళ్లలా ఉంది. కాఫీ సంగతి సరే సరి. ఈ దేశంలో ఇప్పుడు ఎవరూ ఏదీ సరిగ్గా తయారు చేయడం లేదు. జలుబు ఇంకా కొంచెం ఉన్నట్టుంది.

లొరెట్టా ఇవాళ అడిగింది: "నార్బ్, నాకేమైనా చెప్పాలా?"

"ఏం చెప్పాలి?"

"ఏమో. అడుగుతున్నాను."

"బొగ్గు మంచిది కాదు."

"అది రాసుకున్నావుగా," అంది.

ఈవిడ నా పుస్తకం చదువుతోందా?

ఆగస్టు 10, శనివారం

నిజం రాస్తాను. రాయకపోతే ఈ పుస్తకం దేనికి.

పొద్దున లొరెట్టా బొంతలు కుట్టడానికి చర్చికి వెళ్లింది. నాకొక ఆలోచన వచ్చింది. గ్యాస్ మీద కాల్చింది తింటే బొగ్గుది దానికంటే ఎంత మేలో నాకే తెలిసిపోతుంది. తెలిస్తే, తప్పు బొగ్గుదే, నా నాలుక బానే ఉంది. ఇంతే నా లెక్క. ఎవరూ చూడకుండా గుడ్డ తీశాను. సిలిండర్ తగిలించాను. మబ్బు పట్టి, ఆకు కదలని ఉక్క. వాల్వు తిప్పాను. వంగి, గొట్టం అతుకు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాను. ఇటూ పీల్చాను, అటూ పీల్చాను. ఏమీ లేదు. శుభ్రం. స్టీకు తేవడానికి లోపలికి వెళ్లాను. ఉప్పూ మిరియం రాసి, తీరిగ్గా తిరిగొచ్చాను. బొటనవేలు బటన్ మీద పెట్టాను.

"నార్బర్ట్!"

యాభై ఏళ్లలో ఆవిడ నన్ను పూర్తి పేరు పెట్టి పిలిచింది పెళ్లి ప్రమాణంలోనూ, ఇవాళానూ. పక్కసందు గేటు దగ్గర నిలబడి ఉంది, బొంతల సంచి చేతిలో.

"వేలు తియ్యి. గ్యాస్."

"ఏం లేదు, నేను చూశాను—"

"గేటు దగ్గరికి కొడుతోంది కంపు. వేలు తియ్యి నార్బర్ట్."

తీశాను. ఆవిడే వచ్చి సిలిండర్ కట్టేసింది. నన్ను చెయ్యి పట్టుకుని కంచె దాకా నడిపించుకెళ్లింది. ఇద్దరం అక్కడే నిలబడ్డాం, గాలి ఎప్పుడు వస్తుందా అని. కొవారిక్ తల బయటపెట్టి, "ఏమిటా కంపు? గుడ్లేమైనా కుళ్లాయా?" అన్నాడు. లొరెట్టా, "నీ పని చూసుకో" అంది. వాడు చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి.

పావుగంట తర్వాత వంటింట్లోకి వెళ్లాను. గిన్నెలో నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు. నురగ చేసి, పాత బ్రష్షుతో అతుకుకి పూశాను. వాల్వు రవ్వంత తెరిచాను. కప్ప మెడ ఉబ్బినట్టు బుడగ వచ్చింది. పగిలింది. ఇంకోటి వచ్చింది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారీ ఇంత శ్రద్ధగా చూడలేదు.

మేకుల డబ్బాలో రబ్బరు వాషరు అలాగే ఉంది.

"ఎప్పట్నించి?" అంది లొరెట్టా.

"ఫిబ్రవరి."

"నాకు ఈస్టరప్పుడే తెలుసు. ఏటా చర్చిలో ఆ లిల్లీపూల కంపుకి తలనొప్పని నన్ను చంపుకు తింటావు. ఈ ఏడాది వాటి పక్కనే గంటసేపు కూర్చుని ఒక్కమాట అనలేదు."

"మరి చెప్పలేదేం?"

"ముక్కు నాదా, నీదా? నువ్వు చెబుతావని చూస్తున్నాను. బొగ్గు గురించి చెబుతున్నావు, వెనిగర్ గురించి చెబుతున్నావు, దేశం గురించి చెబుతున్నావు. సాసులో బెల్లప్పాకం పోసీ పోసీ నా చేతులు పడిపోయాయి." బొంతల సంచి కింద పడేసింది. కోపమే. కోపమే అనుకుంటాను. "వంటింట్లో పొయ్యి ఉంది నార్బ్. నేను వారంలో మూడు రోజులు ఇంట్లో ఉండను. అది ఎప్పుడైనా ఆలోచించావా?"

లేదు.

ఆగస్టు 11

ఇవాళ రాయడానికేమీ లేదు.

ఆగస్టు 15, గురువారం

డాక్టరు ముక్కులో లైటు వేసి చూశాడు. ఫిబ్రవరి జలుబుకి వాసన నరం చచ్చిపోయిందట. తిరిగి రావచ్చునా అంటే, "ఈ వయసులో..." అన్నాడు. వీడూ డారెల్ బడిలోనే చదివాడు.

సెప్టెంబరు 2, సోమవారం. లేబర్ డే

అందరూ వచ్చారు. డారెల్ గుడ్డ కప్పిన గ్రిల్ చూసి, "ఇవాళైనా వెలిగిద్దామా మామా?" అన్నాడు. బొగ్గు మీద కాలిన రుచి గురించి ఎప్పటి ప్రసంగమే అందుకోబోయాను. నోరు తెరిచాను కూడా. లొరెట్టా టమాటాలు కోస్తోంది. కత్తి ఆగింది.

"దాన్ని ట్రక్కులో వేసుకుని మీ ఇంటికి తీసుకెళ్లు," అన్నాను. "నాకు వాసన రాదు. ఫిబ్రవరి నుంచీ రాదు. ఆ గ్రిల్‌తో కిందటి నెల ఇల్లు తగలబెట్టబోయాను."

జనీన్ కుర్చీలోంచి లేచింది. డారెల్ మొహం సబ్బునీళ్లలా పాలిపోయింది. "ఆ మిగిలిన వాషరు... మామా, ఆ అతుకు బిగించింది నేనే."

"ఇద్దరం బిగించాం. సబ్బునీళ్లు పూయమన్నది నువ్వు. వద్దన్నది నేను."

కంచె మీంచి కొవారిక్: "ఆగాగు. మరి జూలై నాలుగున?"

"నాలుకతో కమ్మీల గాడి తడిమాను."

వాడు కంచె పట్టుకుని ఊగిపోతూ నవ్వాడు. "ఒరే దొంగ ముసలోడా! పదిహేనుమంది ముందు! నా టోపీ తీసి దండం కూడా పెట్టానే!" కళ్లు తుడుచుకుంటూ, "అయితే పీపా నాదే. పందెం ఓడావు," అన్నాడు.

"వచ్చి తీసుకో. మూడొందల పౌన్లుంటుంది."

"అక్కడే ఉండనీలే. నేనే వచ్చి తింటా."

బొగ్గే వెలిగించాను. ఇది రుచి కోసం కాదని ఇక్కడైనా రాసుకోవాలి. బొగ్గు మండితే కనిపిస్తుంది. పొగ ఎటు పోతోందో కనిపిస్తుంది. చెయ్యి పెడితే కాలుతుంది. దాంతో మోసం లేదు. సాసు కలిపి గరిటె లొరెట్టాకి ఇచ్చాను. నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించింది. ఇన్నేళ్లూ నేను ఎంత అతి చేసేవాణ్ణో అప్పుడు చూశాను.

"కాస్త మిరియం," అంది. వేశాను.

సెప్టెంబరు 3, మంగళవారం

వంటింటి పొయ్యి చూసి వెళ్లమని గ్యాస్ కంపెనీకి ఫోను చేశాను. పది గంటలకి ఒకతను వచ్చాడు. నేను పనిచేసిన కంపెనీయే, అతనికి నా పేరు తెలియదు. టోపీ తీసి, చిన్న పుస్తకం తెరిచి అడిగాడు.

"వాసన ఎవరికొచ్చింది?"

"ఆవిణ్ణి అడుగు," అన్నాను.

లొరెట్టా ఎవరికీ రాలేదంది. అతను అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూశాడు. నేను పక్కన వంగి చూశాను. బుడగ రాలేదు. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.